ముప్ఫై ఒక్క పేర్లకు చోటు

కోర్టు భవనానికి అడుగున మరో అంతస్తు ఉందన్న సంగతి, పై అంతస్తుల్లో గొంతు చించుకునే వకీళ్లలో సగం మందికి తెలియదు. చీపుర్లు దాచే గూటి పక్కన ఒక ఇనుప తలుపు, దాని వెనక పద్దెనిమిది మెట్లు, ఆ మెట్ల చివర రికార్డు గది. అందులో నలభై రెండు రాక్‌లు, వాటి మీద పదకొండు వందల నలభై కేసు కట్టలు. ఒక్కో కట్టకూ నిలువుగా, అడ్డంగా బిగించిన తెల్లటి నాడా; కుడి మూలన ముడి. ఇరవై ఏడేళ్లుగా ఆ గదిని చూసుకుంటున్న మనిషిని అందరూ 'కట్టలాయన' అనేవారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప మరెవరికీ అవసరం పడలేదు.

చూసుకుంటున్న అన్న మాటను ఇక్కడ కాస్త జాగ్రత్తగా వాడాలి. గడిచిన ఆరేళ్లలో ఆయన ఆ గదిని చూసింది తక్కువ. ముందు పక్క చూపు పోయింది, తర్వాత కింది చూపు పోయింది, చివరికి సూది బెజ్జంలోంచి చూసినంత లోకం మిగిలి, రెండేళ్ల కిందట అదీ మూసుకుపోయింది. డాక్టరు చెప్పింది ఆయన భార్యకూ ఆమె చెల్లెలికీ తెలుసు; ఆఫీసుకు తెలియదు. దీన్ని మోసం అనదలచినవారు అనవచ్చు. అడిగిన కట్ట దొరకలేదన్న ఫిర్యాదు ఆ ఆరేళ్లలో ఒక్కటి కూడా పైకి వెళ్లలేదన్నది మాత్రం కాగితం మీద ఉన్న నిజం. ప్రతి కట్టకూ ముడి వేసింది ఆయనే. ఏ ముడి ఏ రాక్‌లో ఎన్నోదో ఆ చేతులకు కంఠస్థం.

గోడలకు చెమ్మ పట్టిందని, రంగులు వేయాలని, ఒక వేసవిలో కట్టలన్నింటినీ బయటికి తీశారు. కూలీలు మళ్లీ సర్దారు. ఏడాది ప్రకారం, నంబరు ప్రకారం, పుస్తకంలో ఎలా ఉండాలో అలాగే సర్దారు. జారిపోయిన ముడులన్నీ తమ చేతి వాటంతో మళ్లీ కట్టారు. ఎవరి తప్పూ లేదు; ఆయన చేతులు ఎరిగిన వరుసా ముడులూ మాత్రం పోయాయి. మొదటిరోజే కట్టలాయన మూడు తప్పు కట్టలు పైకి పంపాడు. నాలుగోది పట్టుకొచ్చి తానే బల్ల మీద పెట్టి, "ఇదేనా చూడండి," అని అడిగాడు.

ఆ అడగడంలోనే పెద్ద గుమాస్తాకు విషయం అర్థమైపోయింది. ఆయన కట్టలాయనతో పాటే ఉద్యోగంలో చేరినవాడు. మనసులో విషం లేదుగానీ నాలుకకు తాళం లేదు.

"అదేంటి గురువుగారూ, గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరుగుతున్నారు?" అని, ఒక్క క్షణం ఆగి, కళ్ల ముందు చెయ్యి ఊపి, "అమ్మో," అన్నాడు. ఆ పూట భోజనాల వేళకు మూడంతస్తులకూ తెలిసిపోయింది.

రిజిస్ట్రారు పిలిచింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పని ఎక్కువున్న మనిషి. ఉద్యోగంలో ఉండగా అశక్తుడైనవాణ్ణి తీసివేయరాదు, జీతమూ హోదా తగ్గకుండా మరో చోట నియమించాలి అని చట్టంలో ఉంది. చాలా మంచి నియమం. దాన్ని రాసినవారు మనిషిని కాపాడదామని రాశారు. చదివినవారు మాత్రం మనిషిని మూలన కూర్చోబెట్టడానికి అనుమతి దొరికిందని అర్థం చేసుకున్నారు.

"పై హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేయిస్తాను. జీతం పైసా తగ్గదు," అందామె.

"ఆ కుర్చీలో నేనేం చెయ్యాలి మేడం?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. కూర్చుంటే చాలు."

"కూర్చోవడం ఇంట్లో కూడా చేతనవుతుంది మేడం. దానికి ఇంతదూరం రావడమెందుకు?"

ఆమె కలం కింద పెట్టిన చప్పుడు ఆయనకు వినిపించింది.

"మీరు కట్ట వెతకలేకపోతే ఎవరి కేసో వాయిదా పడుతుంది. మీ మీద జాలితో వాళ్ల కేసు ఆపలేను కదా."

"జాలి నేనడగలేదు మేడం. గడువడుగుతున్నాను. వాయిదా వెయ్యడం ఈ భవనానికి కొత్తేమీ కాదు."

ఆమెకు నవ్వొచ్చినా బయటపెట్టలేదు. నలభై రోజులు ఇచ్చింది. నలభై ఒకటో రోజున, ఆ రోజు కట్టల కోసం నిజంగా వచ్చిన చీటీల్లోంచి పది తీస్తారు. గంటలో పదికి పది కట్టలూ, ఇంకొకరి కళ్ల సాయం లేకుండా తెచ్చిపెట్టాలి. తొమ్మిది తెచ్చినా కుర్చీయే. అప్పటిదాకా ఆయనకు చదివి పెట్టడానికి భార్యను రికార్డు గదిలోకి రానివ్వవచ్చని ఒక కాగితం మీద రాసి సంతకం చేసింది.

కంప్యూటరు విభాగం వారు ఉత్సాహంగా ముందుకొచ్చారు. ఈ కాలంలో ఇదో సమస్యా అన్నారు. రెండు రాక్‌ల కట్టలకు గళ్ల బొమ్మల స్టిక్కర్లు, అవే క్యూఆర్ కోడ్‌లు, అతికించి, ఫోను చూపిస్తే అదే పైకి చదువుతుందన్నారు. కట్టలాయన మెట్లు దిగి, మొదటి కట్ట ముందు ఫోను పట్టాడు. "నెట్‌వర్క్ అందుబాటులో లేదు," అంది ఫోను. రెండో కట్టకూ అదే మాట. ఆ బొమ్మల్లో కేసు లేదు. కేసు ఎక్కడ దొరుకుతుందో చెప్పే చిరునామా ఉంది. ఆ చిరునామాకు పోవాలంటే సిగ్నలు కావాలి; రెండడుగుల మందం గోడల మధ్యకు సిగ్నలు ఏనాడూ దిగలేదు.

"బావిలో పడ్డవాడికి పైనుంచి అడ్రసు చీటీ విసిరినట్టుంది," అన్నాడాయన ఇంటికొచ్చి.

ఆ మాట విన్నది ఆయన మరదలు. భార్యకు చెల్లెలు, మందుసీసాలకు లేబుళ్లు అచ్చువేసే షాపులో మిషను ఆమె చేతి కిందే నడుస్తుంది. రోజూ సాయంత్రం అక్కను చూసే నెపంతో వచ్చి బావను నాలుగు మాటలు అని పోకపోతే ఆమెకు రోజు పూర్తయినట్టుండదు.

"అడ్రసెందుకు బావా? మాటలే బొమ్మలో పెట్టేస్తే పోలా? నెట్టూ అక్కర్లేదు, గిట్టూ అక్కర్లేదు. బొమ్మ చూడగానే ఫోను గడగడా చదివేస్తుంది."

"మాటలు పడతాయా అందులో?"

"పడతాయి. కానీ నీ కేసు కట్టలా బొడ్డు బయటికొచ్చేదాకా కుక్కితే పట్టవు. నీ రాక్‌ల్లో అరలుంటాయి చూడు, దీంట్లోనూ అంతే. అన్నింటికంటే పెద్ద బొమ్మలో రెండు వేల తొమ్మిది వందల యాభై మూడు అరలు. ఆపైన ఒక్కటి కూడా ఉండదు, దేవుడు దిగొచ్చినా."

"చాలానే ఉన్నాయే!"

"ఆగు, అప్పుడే సంబరపడకు. అంకెకి ఒక అర. మాటకీ మాటకీ మధ్య ఖాళీకి ఒక అర. మన అక్షరానికి మాత్రం మూడు. దానికి గుడి పెడితే ఇంకో మూడు. కింద వత్తు తగిలిస్తే ఇంకో ఆరు."

"ఈ లెక్క ఎవరు పెట్టారే?"

"నన్నడుగుతావేం? అది పెట్టినవాళ్లు మన అక్షరాల మొహం చూసినట్టు లేరు. మందుసీసా మీద మోతాదు పట్టించలేక నా తల ప్రాణం తోకకొస్తోంది రోజూ."

లోపలినుంచి అక్క అడిగింది: "మరి 'క్ష్మి' అని రాస్తేనో?"

"ఒక్క గుక్కలో పద్దెనిమిది అరలు మింగేస్తుంది. చూడ్డానికి బుల్లిగా ఉంటుందిగానీ ఆకలెక్కువ. నీలాగే."

కట్టలాయన వీళ్ల మాటలు వినడంలేదు. లోపల భాగహారం చేస్తున్నాడు. "తొమ్మిది వందల ఎనభై నాలుగు గుర్తులు," అన్నాడు. "సరిపోతుంది."

"దేనికి?"

"మొత్తానికి."

ఇరవై ఏడేళ్లు కాగితాన్ని కాపాడినవాడు మాత్రమే చేయగల తప్పు అది. వేరే ఎవరైనా నంబరు రాసి ఊరుకునేవారు. ఆయన దృష్టిలో, రికార్డులోంచి ఏదైనా ఒకటి వదిలేయడమంటే దొంగతనం. కట్ట నంబరు, వాది, ప్రతివాది, వారి చిరునామాలు, దావా వేసిన తేదీ, వాయిదా తేదీలు, మధ్యంతర ఉత్తర్వులు, పేజీల సంఖ్య, ఆఖరికి నాలుగో పేజీ మీద సిరా ఒలికిన మరక సంగతి కూడా చెప్పి భార్య చేత ఫోనులో రాయించాడు. ఆమె ముప్ఫై ఏళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి ఏడాది కిందటే పదవీ విరమణ చేసిన మనిషి. మాట మింగకుండా చదవడమూ, ఎదుటివాడు ఎంత మొండివాడైనా ఓపిక పట్టడమూ రెండూ ఆమెకు వృత్తిరీత్యా అలవాటే. మొదటి కట్టకు రెండు వేల తొమ్మిది వందల ముప్ఫై అరలు నిండాయి. ఒడుపుగా సర్దానని ఆయన పొంగిపోయాడు.

మర్నాడు మరదలు తెచ్చిన రెండంగుళాల స్టిక్కరును కట్టకు అతికించి ఫోను పట్టాడు. ఫోను పలకలేదు. దగ్గరికి పెట్టాడు, దూరంగా పెట్టాడు, ఊపిరి బిగబట్టి పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఎలా ఉంది చూడ్డానికి?" అని భార్యను అడిగాడు.

"బొమ్మలా లేదండీ. బూడిదరంగు గుడ్డముక్క అతికించినట్టుంది."

సాయంత్రం మరదలు నెత్తి కొట్టుకుంది. "గొంతుదాకా మెక్కినవాణ్ణి పాడమంటే ఎలా పాడతాడు బావా? రెండంగుళాల్లో అటు నూట డెబ్బై ఏడు గళ్లు, ఇటు నూట డెబ్బై ఏడు. చీమ కూడా భూతద్దం పెట్టుకుని చూడాలి. మీ చీకటి కొట్లో నీ పాత ఫోనుకేం కనిపిస్తుంది?"

"స్టిక్కరు పెద్దది చెయ్యి."

"నా స్టిక్కర్ల చుట్ట వెడల్పు రెండంగుళాలే. అయినా అదొక్కటే కాదు. నిండా మాటలే నింపితే కాపలాకి చోటు మిగలదు. నాడా రాసుకుని మూల చెరిగిందనుకో, చెరిగిన మాటల్ని మిగతా చుక్కల్లోంచి మళ్లీ కట్టుకోవాలి. అందుకని బొమ్మలో చాలా భాగం మాటలకి ఇవ్వకుండా అట్టే పెట్టాలి. అప్పుడు పావు వంతు పాడైనా పలుకుతుంది."

"అంటే నాకెన్ని మిగుల్తాయి?"

"నీ ఫోనుకి ఆనాలి, చెరిగినా పలకాలి, రెండంగుళాల్లో ఉండాలి. మూడూ కావాలంటే మూడు వందల ఎనభై రెండు అరలు. అక్షరాల్లో చెప్పాలంటే నూట ఇరవై, కాస్త అటూ ఇటూ."

ఆయన వేళ్ల మీద లెక్క మళ్లీ వేసుకున్నాడు. తొమ్మిది వందల ఎనభై నాలుగు ఎక్కడ, నూట ఇరవై ఎక్కడ! అప్పటికే నాలుగు రోజులు నీళ్లపాలయ్యాయి.

"బావా, అలిగావా?"

"లేదే. ఏం తీసెయ్యాలా అని చూస్తున్నాను."

చిరునామాలు పోయాయి. వాయిదా తేదీలు పోయాయి. అవెలాగూ రోజుకోసారి మారేవే. సిరా మరక, కొంచెం బాధతోనే అయినా, పోయింది. అసలు పేచీ వచ్చింది దావా దేనిమీద అన్నదాని దగ్గర. భార్య మొదటి పేజీ చదివేది: "యాజమాన్య హక్కు నిర్ధారణ." వేళ్ల మీద లెక్కపెడితే అరవై ఐదు అరలు. కింద రెండు పేజీలు తిప్పిస్తే తేలేదేమిటంటే, ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల మధ్య ఒక గోడ. "'గోడ తగువు' అని రాయి," అనేవాడు. ఇరవై ఐదు అరలు. నలభై మిగులు. ఇలా పదకొండు వందల తగాదాలను ఒక్కొక్కటే పిప్పి తీసి రసం మిగిల్చాడు: మెట్ల కింద వాటా, పక్కింటి పొగ, పెళ్లి రద్దు, కుక్క కరిచింది. పెద్ద గుమాస్తా ఒకరోజు దిగివచ్చి, భార్య రాస్తున్నది తొంగిచూసి ఇకిలించాడు.

"ఇదేం భాష గురువుగారూ? జడ్జిగారు చూస్తే కోర్టు ధిక్కారం కింద వేస్తారు."

"కుక్క కరిచిందా లేదా?"

"కరిచిందనుకోండి..."

"అది కరవడానికి ఆరు అరలు కూడా తీసుకోలేదు. మనం చెప్పడానికి అరవై తీసుకుంటున్నాం."

ఒక్క విషయంలో మాత్రం ఆయన ఒక అర కూడా తగ్గించనివ్వలేదు. పేర్లు. పేరు ఎంత పొడవున్నా, ఎన్ని వత్తులున్నా, తండ్రి పేరుతో సహా పూర్తిగా పడవలసిందే. దావా దేనిమీదన్నది రెండు మాటలకు కుదించుకోవచ్చు, మనిషిని కుదించడానికి తనకెవరు అధికారమిచ్చారన్నది ఆయన వాదన. రోజుకు ముప్ఫై కట్టలు. పొద్దున భార్య చదవడం, ఆయన తేల్చడం, ఆమె రాయడం. సాయంత్రం మరదలు అచ్చువేసి తేవడం. మర్నాడు ముడికి సరిగ్గా రెండు వేళ్ల కింద ఆయన అతికించడం. వేళ్లకు ముడి తగిలితే చాలు, ఫోను ఎక్కడ పట్టాలో తెలుస్తుంది. తలకిందులుగా అతికినా పలికే బొమ్మ కావడం ఆయనకు ఎంతో నచ్చింది.

గడువుకు ఇంక ఆరు రోజులుందనగా, ఇరవై తొమ్మిదో రాక్‌లో ఒక లావుపాటి కట్ట తగిలింది. భార్య చదివింది: "ఒకరి పేరుందండీ. తర్వాత 'మరియు ఇతరులు' అని ఉంది."

"ఎంతమంది ఇతరులు?"

ఆమె కాగితాలు తిప్పింది. ఒక ఆసుపత్రికి బట్టలు ఉతికిచ్చే లాండ్రీ. యజమాని మారాడు, పాతవాళ్లందరినీ ఒకేరోజున మాన్పించాడు. తమ పని తమకిప్పించమని ముప్ఫై ఒక్కమంది కలిసి పదకొండేళ్ల కిందట కోర్టుకెక్కారు. మొదటి పేజీ మీద మొదటి మనిషి పేరుంది. రిజిస్టరులోనూ ఆ ఒక్క పేరే. మిగిలిన ముప్ఫైమందీ ఎక్కడో లోపలి పేజీల్లో, వెలిసిపోయిన చేతిరాతలో, వేలిముద్రల పక్కన ఉన్నారు. ఇంతకు ముందు ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు ఉన్న కేసులు వచ్చాయి. రెండో స్టిక్కరుతో గట్టెక్కాయి. ఇంత పెద్దది రాలేదు.

"'ఇతరులు' అంటే ఎన్ని అరలు?" అని అడిగాడు.

"పద్దెనిమిది."

"ముప్ఫైమందిని పద్దెనిమిది అరల్లో కుక్కేశాం అన్నమాట. లోపలి పేజీలు తియ్యి. ఒక్కొక్కరినీ చదువు."

ఆమె చదవలేదు. "ఏమండీ, ఇంకా ఆరు రోజులే ఉంది. కట్టలింకా రెండు వందలు దాటి ఉన్నాయి. ఈ రాతలో పేర్లు విప్పడానికి రోజున్నర పడుతుంది. ఈ ఒక్కదానికీ 'ఇతరులు' అని రాసి ముందుకు పోదాం. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

"తర్వాత నేను ఆ కుర్చీలో ఉంటే?"

"అందుకే కదా అంటున్నాను! ఆ కుర్చీ తప్పించుకోవడానికే కదా ఇదంతా. వాళ్ల పేర్ల కోసం మీ పని పోగొట్టుకుంటారా?"

ఆయన నాడాను వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. "ఈ కట్టకి పదకొండేళ్లలో ఎన్నిసార్లు ముడి వేశానో లెక్కలేదు. కళ్లున్నాయి అప్పుడు. 'ఇతరులు' అన్న మాట మీద కళ్లు జారిపోయేవి. ఏ రోజూ ఆగలేదు. ఇప్పుడు నువ్వు పైకి చదివితే చెవిలో గుచ్చుకుంటోంది. విన్నాక కూడా జారిపోతే, నాకు కుర్చీ వెయ్యడమే న్యాయం. చదువు."

ఆమె చదివింది. రోజున్నర పట్టింది. కొన్ని పేర్లు భూతద్దం పెట్టి, కొన్ని వకాల్తా కాగితంతో పోల్చి విప్పవలసి వచ్చింది. ఒక్కో పేరునూ ఆయన పైకి అని, సరిచూసుకుని, మళ్లీ అన్నాడు. మొదటి స్టిక్కరు మామూలుదే: నంబరు, 'లాండ్రీ, పని తిరిగి ఇప్పించాలి', మొదటి పేరు. తర్వాత స్టిక్కరుకు ఐదు పేర్ల చొప్పున ఆరు. మొత్తం ఏడు, కట్ట చుట్టూ నాడా వెంబడే వరుసగా.

"కట్టకి నగ వేసినట్టుంది బావా," అంది మరదలు. తర్వాత గొంతు తగ్గించి, "రేపట్నుంచి నేనూ సెలవు పెట్టి వస్తాలే. అక్క చదువుతుంది, నేను రాస్తాను. నీ మొండితనానికి ఇద్దరాడవాళ్లు చాలరుగానీ, చూద్దాం," అంది. రిజిస్ట్రారు కాగితంలో ఒక్కరికే అనుమతి ఉంది కాబట్టి ఆమె మెట్ల పైన ఇనుప తలుపు దగ్గరే కూర్చుని, కింది నుంచి అక్క అరిచి చెప్పినవి రాసుకుంది. నలభయ్యో రోజు సాయంత్రానికి, రాత విప్పలేక పక్కన పెట్టినవి, రాక్‌ల్లో అక్కడక్కడా అరవై నాలుగు కట్టలు స్టిక్కర్లు లేకుండా మిగిలిపోయాయి.

నలభై ఒకటో రోజు పదకొండు గంటలకు రిజిస్ట్రారు మెట్లు దిగి, స్టూలు మీద కూర్చుని, గడియారం ఒళ్లో పెట్టుకుంది. పెద్ద గుమాస్తా చేతిలో ఆ పొద్దున వచ్చిన చీటీల్లోంచి తీసిన పది. భార్యా మరదలూ పైన తలుపు దగ్గర.

మొదటి ఐదూ ఇరవై మూడు నిమిషాల్లో బల్ల మీదికి వచ్చాయి. రాక్ అంచు పట్టుకుని నడవడం, ముడి తడమడం, రెండు వేళ్లు కిందికి జరపడం, ఫోను పట్టడం. "గోడ తగువు," అనేది ఫోను ఆ నిశ్శబ్దంలో. రిజిస్ట్రారు దగ్గినట్టు నవ్వింది. ఆరోది తేలికగానే దొరికింది. ఏడో చీటీలో నంబరు నాలుగు వందల పదమూడు. అక్కడికి పోయి తడిమితే ముడి కింద నున్నగా ఉంది. ఆ అరవై నాలుగింట్లో ఇదొకటి. ఆయన ఎడమ పక్క కట్టకు ఫోను పట్టాడు: నాలుగు వందల పన్నెండు. కుడి పక్కదానికి పట్టాడు: నాలుగు వందల పధ్నాలుగు. మధ్యదాన్ని లాగి చంకలో పెట్టుకున్నాడు.

"దానికి లేబులు లేదుగా గురువుగారూ?"

"అటొకరూ ఇటొకరూ సాక్ష్యం చెప్పారు. కోర్టులో ఇంతకంటే ఏం కావాలి?"

తొమ్మిదోదానికి నాడా రాపిడికి స్టిక్కరు మూల చెరిగి ఉంది. ఫోను మొదటిసారి మూగబోయింది. రెండోసారి కొంచెం వెనక్కి జరిపితే, తడబడకుండా మొత్తం చెప్పింది. కాపలాకు వదిలిన చోటు వృథా పోలేదు. నలభై తొమ్మిది నిమిషాలయ్యాయి.

పదో చీటీ తీసి పెద్ద గుమాస్తా చదవకుండా ఆగిపోయాడు.

"మేడం, ఇది వద్దు. దీనిమీద నంబరు లేదు. ఉత్త పేరే. ఈ మనిషి మూడుసార్లు వచ్చింది. రిజిస్టరంతా వెతికాను, ఆ పేరు మీద కేసే లేదు. ఇవాళ కూడా కౌంటరు దగ్గర కూర్చుని ఉంది. కళ్లున్న నేనే పట్టుకోలేనిది ఆయన్ని తెమ్మనడం అన్యాయం. వేరేది తీస్తాను."

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. రిజిస్ట్రారు చెయ్యి చాపబోయింది.

"వద్దు," అన్నాడు కట్టలాయన. "అదే ఇవ్వండి. పేరు చదవండి. తండ్రి పేరుతో కలిపి."

పెద్ద గుమాస్తా చదివాడు. కట్టలాయన నిలబడ్డచోటే నిలబడి పెదవులు కదిపాడు. ఒక పేరు, ఇంకొకటి, ఇంకొకటి. రోజున్నర పాటు నోట్లో నానిన పేర్లు, పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు, వరుసలో ముందుకు నడిచాయి. ఇరవై మూడోదాని దగ్గర ఆగాయి. ఆయన చెయ్యి రాక్ అంచు మీద పడింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. లావుపాటి కట్ట. ముడి. వేళ్లు నాడా వెంబడి స్టిక్కర్లు లెక్కపెట్టుకుంటూ పోయాయి. ఆరోదాని మీద ఫోను పట్టాడు.

ఫోను ఐదు పేర్లు చదివింది. రెండోది ఆ చీటీలో ఉన్న పేరు.

రిజిస్ట్రారు గడియారం చూసింది. యాభై ఐదు.

"రిజిస్టరులో లేని పేరు మీకెలా తెలిసింది?"

"రిజిస్టరులో 'ఇతరులు' అని ఉంది మేడం. ఎవరా ఇతరులు అని అడిగాను. అంతే."

పెద్ద గుమాస్తా చీటీని రెండు చేతులా పట్టుకుని నిలుచున్నాడు. "మూడుసార్లు పంపేశాను," అన్నాడు తనలో తనే.

కట్టను కట్టలాయనే మోశాడు. పద్దెనిమిది మెట్లూ ఎక్కి, మరదలు "బావా!" అని వెంటపడుతున్నా ఆగకుండా కౌంటరు దాకా పోయాడు. బెంచీ మీది మనిషి లేచిన చప్పుడైంది. ముసలి గొంతు, ఏళ్ల తరబడి ఆవిరి పీల్చిన బొంగురు.

"దొరకలేదనే కదా బాబూ? మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?"

ఆయన ఆరో స్టిక్కరు మీద ఫోను పట్టాడు. ఐదు పేర్లు. ఆమె దగ్గరికి జరిగింది.

"ఇంకోసారి చదివించండి," అంది.

చదివించాడు.

"నా ముందు పేరు, అది నా పక్క మిషను మీద చేసేది. పోయి నాలుగేళ్లయింది. దాని పేరు కూడా ఉంచారా?"

"అందరివీ ఉన్నాయమ్మా. ముప్ఫై ఒక్కరివీ."

రిజిస్ట్రారు అప్పటికే తన గదిలో ఉత్తర్వు రాయించేసింది: రికార్డు గది బాధ్యత యథాతథంగా కొనసాగుతుంది, స్టిక్కర్ల ఖర్చు ఆఫీసు భరిస్తుంది. కట్టలాయనను పిలిచి చదివి వినిపించింది. ఆయన దండం పెట్టి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేమిటి?"

"స్టిక్కరులో చోటు లేదంటే అర్థముంది మేడం. దానికి మూడు వందల ఎనభై రెండే అరలు. మన రిజిస్టరు అంత పొడుగు పుస్తకం, దానికేం లోటు? అందులో కూడా 'ఇతరులు' అన్న మాట తీసేసి పేర్లు రాయించాలి. పాతవి కూడా."

"పాతవి కూడానా! అదెంత పనో తెలుసా మీకు?"

"తెలుసు మేడం. నలభై రోజులు చేశాను."

ఆమె నిట్టూర్చింది. "ముందు మీ గది మీకు దక్కింది కదా, సంతోషించండి. రిజిస్టరు సంగతి రేపు మాట్లాడదాం."

"రేపు ఎన్ని గంటలకు మేడం?"

ఆమె పదకొండన్నది. ఆయన ఆ మాటను రెండుసార్లు పైకి అనుకుని, ఇనుప తలుపు వైపు నడిచాడు. అక్కడ భార్య కళ్లద్దాలు తుడుచుకుంటూ, మరదలు స్టిక్కర్ల చుట్ట చేతికి గాజులా తొడుక్కుని ఎదురుచూస్తున్నారు. ఇంకా అరవై నాలుగు మిగిలి ఉన్నాయి. మొదటిది నాలుగు వందల పదమూడు.